ఆయిలు ఎక్కడుంది? టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ స్కూటర్ల గురించి

(కావలిలో ఒక ఆదివారం సాయంత్రం కుర్ర మెకానిక్కులు, ఐటీఐ పిల్లలు, కొందరు స్కూటర్ల యజమానులు కూర్చున్న చోట ఒక పాత మెకానిక్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్న అబ్బాయిలు కాస్త ముందుకు రండి. ఈ బల్ల మీద రెండు సిలిండర్లు పెట్టాను, రెండు పిస్టన్లు పెట్టాను. ఇవి కనపడకపోతే నేను చెప్పేది సగమే అర్థమవుతుంది. ఇది టూ స్ట్రోక్ చేతక్ సిలిండరు, అది ఫోర్ స్ట్రోక్ యాక్టివాది. చివర్లో మీ చేతికే ఇస్తాను.

నేను 1986లో పదో తరగతి పరీక్షలు రాసి, రిజల్ట్స్ రాకముందే మా మామ షెడ్డులో చేరాను. అప్పుడు షెడ్డుకొచ్చే బండ్లేంది? చేతక్, బజాజ్ సూపర్, ప్రియ, విజయ్ సూపర్, ఎల్ఎమ్ఎల్ వెస్పా. కొంచెం డబ్బున్న ఇళ్లల్లో కైనెటిక్ హోండా. అన్నీ టూ స్ట్రోకే. స్కూటరంటేనే టూ స్ట్రోక్. ఆ మాట విడిగా అనాల్సిన పనే లేదు. ఒక చేతక్ బుక్ చేసుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. అట్లాంటి బండి ఇంటికొస్తే పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా ఒక రౌండు తిప్పేవాళ్లు.

ఇప్పుడు మీలో ఎంతమందికి టూ స్ట్రోక్ ఇంజను విప్పిన అనుభవముంది? చేతులెత్తండి. నలుగురు. మంచిది. మిగతావాళ్లు బాధపడొద్దు, కానీ ఇవాళ ఇది తెలుసుకొని వెళ్లండి. ఎందుకంటే టూ స్ట్రోక్ తెలియనివాడికి ఫోర్ స్ట్రోక్ కూడా పూర్తిగా తెలియదు. నేను మనస్ఫూర్తిగా నమ్మి చెప్తున్న మాట ఇది.

నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అన్నా, టూ స్ట్రోక్ మంచిదా, ఫోర్ స్ట్రోక్ మంచిదా? నేను తిరిగి ఒకటే అడుగుతాను. నీ బండిలో ఆయిలు ఎక్కడుంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ రెండు ఇంజన్ల మంచీ చెడూ అంతా అందులోంచే వస్తుంది. ఆయిలు ఎక్కడుంది? ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ముందు పని చెప్పుకుందాం. స్ట్రోక్ అంటే పిస్టన్ పైనుంచి కిందికో, కిందినుంచి పైకో ఒకసారి పోవడం. అంతే. ఫోర్ స్ట్రోక్‌లో ఏం జరుగుతుంది? పిస్టన్ కిందికి దిగి పెట్రోలు, గాలి పీల్చుకుంటుంది. పైకొచ్చి నొక్కుతుంది. ప్లగ్గు నిప్పు కొడితే కిందికి తోసుకుపోతుంది. మళ్లీ పైకొచ్చి పొగను బయటికి నెడుతుంది. నాలుగు స్ట్రోకులు, క్రాంకు, అంటే పిస్టన్ ఆడితే గుండ్రంగా తిరిగే ఇరుసు, రెండు చుట్లు. రెండు చుట్లకు ఒకసారి మంట. 1876లో జర్మనీలో నికొలస్ ఆటో నడిపి చూపించిన పద్ధతి. ఇప్పటికీ అదే.

టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మంటే. అదెట్లా సాధ్యం? పీల్చడం, వదలడం ఎక్కడికి పోయాయి? ఇదిగో, ఇక్కడుంది తెలివి. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైభాగం ఒక పని చేస్తుంటే కిందిభాగం ఇంకో పని చేస్తుంది. పిస్టన్ పైకి పోతూ పైన నొక్కుతుంది కదా, అదే సమయంలో కింద క్రాంకు కేసులో, అంటే క్రాంకు తిరిగే గదిలో, ఖాళీ ఏర్పడి పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్ నుంచి అవి లోపలికొస్తాయి. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఆ క్రాంకు కేసు కమ్మరి కొలిమి తిత్తి లాగా పనిచేస్తుంది. లోపలున్నదాన్ని నొక్కి, ఈ పక్క దారుల్లోంచి పైకి ఊదుతుంది. చూడండి, సిలిండరు గోడలో ఈ కంతలు. పెద్దది పొగ బయటికి పోయే ఎగ్జాస్టు పోర్టు. ఈ పక్కవి కింది నుంచి పెట్రోలు, గాలి పైకొచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు. వాల్వులున్నాయా? లేవు. టైమింగ్ చైను ఉందా? లేదు. పిస్టనే తలుపు. అదే తెరుస్తుంది, అదే మూస్తుంది. ఇంగ్లండులో జోసెఫ్ డే వాళ్లు 1890 ప్రాంతంలో ఈ క్రాంకు కేసు పద్ధతి తెచ్చారు. ఇటలీలో 1946లో మొదటి వెస్పా 98 సీసీ ఇంజనుతో వచ్చింది, అదీ టూ స్ట్రోకే. మన చేతక్ ఆ వెస్పా వంశమే.

ఇప్పుడు అడుగుతాను. క్రాంకు కేసులోకి పెట్రోలు, గాలి వస్తున్నాయి. మరి అక్కడ ఆయిలు నింపగలమా? నింపితే ఆ గాలితో పాటు అదీ పైకి ఎగిరిపోతుంది. మరి క్రాంకు బేరింగుకు, పిస్టన్‌కు తడి ఎట్లా? అందుకే పెట్రోలులోనే ఆయిలు కలుపుతాం. లీటరుకు 20 మిల్లీలీటర్లు, రెండు శాతం. కైనెటిక్ హోండాకు వేరే ఆయిలు ట్యాంకు, పంపు ఉండేవి, అది కొలిచి పోసుకునేది. కానీ పోసిన ఆయిలు ఏదైనా చివరికి ఎక్కడికి పోతుంది? పెట్రోలుతో పాటు పైకి పోయి సగం కాలి, సగం కాలకుండా సైలెన్సర్లోంచి నీలి పొగగా బయటికొస్తుంది. మళ్లీ కొత్త ఆయిలు వస్తుంది. టూ స్ట్రోక్ ఎప్పుడూ కొత్త ఆయిలే తాగుతుంది, ఎప్పుడూ పారబోస్తుంది.

ఫోర్ స్ట్రోక్‌లో ఆయిలు అడుగున గుంటలో ఉంటుంది. ఒకే ఆయిలు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. బయటికి పోదు, పోకూడదు.

ముందు టూ స్ట్రోక్ మంచి చెప్తాను. ఎందుకంటే ఈ మధ్య దాన్ని తిట్టడమే అలవాటైంది. అది మన బతుకులు మోసిన ఇంజను. దాన్ని గౌరవంగా చూడాలి.

ప్రతి చుట్టుకూ మంట కాబట్టి అదే సీసీలో ఎక్కువ బలం. మోటారు సైకిళ్లలో చూడండి, తేడా కళ్లకు కడుతుంది. 1985లోనే రెండు బండ్లు వచ్చాయి. యమహా ఆర్ఎక్స్ 100, 98 సీసీ టూ స్ట్రోక్, 11 హార్స్ పవర్. హీరో హోండా సీడీ 100, 97 సీసీ ఫోర్ స్ట్రోక్, ఏడు చిల్లర. దాదాపు ఒకే సీసీ. రెట్టింపు మంటలున్నా బలం రెట్టింపు రాలేదు, గమనించండి. ఒకటిన్నర రెట్లు వచ్చింది. ఆ మిగతా అర ఎక్కడికి పోయిందో కాసేపట్లో చెప్తాను.

స్కూటర్ల సంగతికొస్తే చేతక్ 145 సీసీ, ఏడున్నర హార్స్ పవర్. యాక్టివా మొదట 102 సీసీతో 2001లో వచ్చినప్పుడు దాదాపు ఏడు. అంకెల్లో పెద్ద తేడా లేదు. కానీ చేతక్ ఆ లాగుడు తక్కువ స్పీడులోనే ఇచ్చేది. మొగుడు, పెళ్లాం, ముందు ఒక పిల్లవాడు, మధ్యలో ఒక పాప, కాళ్ల దగ్గర బియ్యం మూట. పొదలకూరు నుంచి నిమ్మకాయల బస్తాలు వేసుకొచ్చేవాళ్లను చూశాను. బజాజ్ ఎమ్ 80 బండి గుర్తుందా? 74 సీసీ. దాని మీద రెండు పక్కలా పెద్ద పాల క్యాన్లు, వెనక ఇంకోటి. తెల్లవారుజామున నాలుగింటికి పల్లెల్లోంచి నెల్లూరు హోటళ్లకు పాలు తెచ్చినవాళ్ల ఇళ్లు ఆ బండి మీదే నిలబడ్డాయి. అంత బరువుతో, అంత మట్టి రోడ్డు మీద, అంత చిన్న ఇంజను. ఆ పాలాయన రోడ్డు పక్కన ప్లగ్గు తానే విప్పి, ఉప్పు కాగితం పెట్టి రుద్ది, మళ్లీ బిగించి, కిక్కు కొట్టి పోయేవాడు. మెకానిక్కుతో పనేముంది?

మెకానిక్కు కోణంలోనూ అంతే. లోపల కదిలే భాగాలు ముఖ్యంగా మూడు. క్రాంకు, కనెక్టింగ్ రాడ్డు, పిస్టన్. హెడ్డుకు నాలుగు నట్లు. అరిగితే సిలిండరు బోరు చేయించి, అంటే లోపలి గోడ కాస్త వెడల్పు చేయించి, ఓవర్ సైజు పిస్టన్ వేసి పంపేవాళ్లం. పొద్దున విప్పితే సాయంత్రానికి బండి రోడ్డు మీద ఉండేది.

ఒకటి మాత్రం సరిదిద్దుకోండి. గేర్లు లేకపోవడం, సెల్ఫ్ స్టార్టు ఇవి ఫోర్ స్ట్రోక్ వల్ల వచ్చిన సుఖాలు కావు. కైనెటిక్ హోండా టూ స్ట్రోకే, దానికి 1980ల్లోనే గేర్లు లేవు, బటన్ స్టార్టు ఉంది. చేతక్‌ను పొద్దున్నే పక్కకు వంచి, చోక్ లాగి, కిక్కులు కొట్టడం చూసి చాలామంది ఆ కష్టమంతా టూ స్ట్రోక్ మీద వేస్తారు.

ఇప్పుడు చెడు. దాచాల్సిన పని లేదు. చూడండి, నేను పిస్టన్‌ను సిలిండర్లో పెట్టి నెమ్మదిగా కిందికి దించుతున్నాను. ముందు ఎగ్జాస్టు పోర్టు తెరుచుకుంది. పొగ పోవడం మొదలైంది. ఇంకొంచెం దించుతున్నాను. ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకున్నాయి. ఇప్పుడు చెప్పండి, ఎగ్జాస్టు పోర్టు మూసుకుందా? లేదు. రెండు తలుపులూ ఒకేసారి తీసున్నాయి. కింది నుంచి వచ్చిన కొత్త పెట్రోలు, గాలి పాత పొగను తోసేయాలి. తోస్తూ తోస్తూ తనూ కొంత బయటికి పోతుంది. చెత్త ఊడవడానికి బియ్యం చల్లి చీపురు పట్టినట్టు. చెత్తతో పాటు బియ్యం కూడా గడప దాటుతాయి. ఎంత పోతుందనుకున్నారు? వేసిన దాంట్లో మూడో వంతు దాకా కాలకుండానే పోయే సందర్భాలుంటాయి. ఇందాక అడిగిన ఆ అర రెట్టులో పెద్ద భాగం ఇక్కడే పోయింది. మీ డబ్బు పొయ్యిలో కాలకుండానే సైలెన్సర్లోంచి పోయింది.

దీన్ని తగ్గించడానికి పెద్దవాళ్లు చాలా తంటాలు పడ్డారు. మొదట్లో పిస్టన్ నెత్తిన ఒక మూపు పెట్టి గాలిని పైకి మళ్లించేవాళ్లు. తర్వాత జర్మనీలో ష్నూర్లే అనే ఇంజనీరు 1920ల్లో ట్రాన్స్‌ఫర్ పోర్టులను వంకరగా పెట్టి, గాలి వెనక గోడకు కొట్టుకొని చుట్టు తిరిగి వచ్చేటట్టు చేశాడు. ఈ సిలిండర్లో పోర్టులు అటువైపు చూస్తున్నాయే, ఆయన పుణ్యమే. తగ్గింది, కానీ పోలేదు. తలుపులు రెండూ తీసున్నంతసేపు పోదు.

మరి టూ స్ట్రోక్ అంటేనే తప్పా? కాదు. కృష్ణపట్నం రేవుకు బొగ్గేసుకొచ్చే పెద్ద ఓడలున్నాయి కదా, అంతటి ఓడల్ని నడిపే ఇంజన్లు ఏవనుకుంటున్నారు? టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్లే ఎక్కువ. నిమిషానికి వంద చుట్లు తిరుగుతాయి, ఒక్కో సిలిండర్లో మనిషి నిలబడొచ్చు. అక్కడ ఎందుకు పనికొచ్చింది? ఎందుకంటే వాటిలో పొగను ఊడ్చేది ఒట్టి గాలి. డీజిల్ తర్వాత, తలుపు మూశాక చిమ్ముతారు. వృథా లేదు. క్రాంకు కేసు ఆయిలు కూడా విడిగా ఉంటుంది. మళ్లీ అదే ప్రశ్న, ఆయిలు ఎక్కడుంది? మన స్కూటర్లో తప్పు ప్రతి చుట్టుకూ మంట పెట్టడంలో లేదు. పెట్రోలుతో ఊడవడంలో, ఆయిలును పెట్రోలులో కలపడంలో ఉంది.

ఆ పొగ ఎట్లా ఉండేదో పెద్దవాళ్లకు గుర్తుండాలి. 1990ల్లో సాయంత్రం పూట నెల్లూరు ట్రంకు రోడ్డులో నిలబడితే ఆటోలు, స్కూటర్లు, ఎమ్ 80లు, అన్నీ టూ స్ట్రోకే. కళ్లు మండేవి. రాత్రికి ఇంటికెళ్లి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. నేను ముప్పై ఏళ్లు ఆ పొగలో పని చేశాను. షెడ్డులో షట్టరు సగం దించి బండి రేజ్ చేసి చూసేవాళ్లం. అబ్బాయిలూ, ఆ పని మీరు చేయొద్దు. ఫోర్ స్ట్రోక్ అయినా సరే, బయట పెట్టి స్టార్టు చేయండి. నా దగ్గుకు డాక్టరు చెప్పిన కారణాల్లో అదొకటి.

ప్రభుత్వం కూడా చూస్తూ ఊరుకోలేదు. పొగ మీద నిబంధనలు 1991లో మొదలయ్యాయి. 2000లో టూ వీలరుకు కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడ్ 2 గ్రాములు మించకూడదన్నారు. 2005లో ఒకటిన్నర, 2010లో 1 గ్రాము. కాలని పెట్రోలు పొగకు కూడా అట్లాగే బిగిస్తూ వచ్చారు. మూడో వంతు పెట్రోలు పారబోసే ఇంజను ఈ లెక్కల్లో ఎక్కడ ఇముడుతుంది? 1998లో బజాజ్ లెజెండ్ ఫోర్ స్ట్రోక్‌లో వచ్చింది, 2001లో యాక్టివా వచ్చింది, తర్వాత స్కూటీ మారింది, చివరికి మన పొలాల గట్ల మీద తిరిగే టీవీఎస్ ఎక్సెల్ కూడా 100 సీసీ ఫోర్ స్ట్రోక్ అయింది.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. షెడ్డులో చేరిన రెండో ఏడు, ఒక అయ్యవారి చేతక్ ట్యాంకులో చెత్త ఉందంటే ట్యాంకు దించి కడిగాను. పెట్రోలు కొత్తది తెచ్చి పోశాను. ఆయిలు కలపలేదు. మరిచిపోయాను. అయ్యవారు భార్యను ఎక్కించుకొని అల్లూరు పెళ్లికి బయల్దేరారు. బిట్రగుంట దాటాక పిస్టన్ పట్టేసింది. నడుస్తున్న బండి వెనక చక్రం కర్రలాగా బిగుసుకుపోతుంది, తెలుసు కదా? ఆయన చేయి క్లచ్చి మీదుంది కాబట్టి బతికారు. క్లచ్చి నొక్కగానే చక్రం విడిచిపెట్టింది, బండి ఊగిసలాడి పక్కకు ఆగింది. అయ్యవారు నన్ను ఒక్క మాట అనలేదు. మా మామ ఆ పిస్టన్ విప్పి నా చేతిలో పెట్టాడు. పక్కలంతా గీతలు, అల్యూమినియం కరిగి సిలిండరు గోడకు అతుక్కుంది. ఇదిగో, ఈ బల్ల మీదున్నది ఆ పిస్టనే. ఇన్నేళ్లూ దాచుకున్నాను. ఈ గీత మీద గోరు పెట్టి చూడండి, తగులుతుంది.

టూ స్ట్రోక్ ఒక్కపూట ఆయిలు లేకపోతే చస్తుంది. అది గుర్తుంచుకోవాలి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటెక్కి తిరిగి దిగేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. రేజు పూర్తిగా మూసి గేర్లో వదిలితే ఇంజను తిరుగుతుంది, పెట్రోలు రాదు. పెట్రోలు రాకపోతే ఆయిలూ రాదు. అందుకే దిగేటప్పుడు మధ్య మధ్యలో కాస్త రేజు ఇమ్మని చెప్పేవాళ్లం.

మరి ఫోర్ స్ట్రోక్ ఎట్లా చస్తుంది? మెల్లగా చస్తుంది. ఎవరికీ తెలియకుండా చస్తుంది. ఇది ఇక్కడున్న అక్కచెల్లెళ్లు బాగా వినాలి, ఎందుకంటే ఇవాళ స్కూటరు ఎక్కువగా మీ చేతిలోనే ఉంది. పోయిన నెల ఒకమ్మాయి యాక్టివా తెచ్చింది. బ్యాంకులో ఉద్యోగం. అన్నా, హెడ్డులో టికటికమంటోంది అంది. డ్రెయిన్ బోల్టు విప్పాను. ముప్పావు లీటరు దాకా రావాల్సిన ఆయిలు, టీ గ్లాసుడు వచ్చింది. నల్లగా, ముదురు పాకం లాగా, కారడానికి కూడా బద్ధకిస్తూ. ఎప్పుడు మార్పించావమ్మా అంటే, పెట్రోలు పోయిస్తూనే ఉన్నాను కదన్నా అంది. ఆమె తప్పేముంది? వాళ్ల నాన్న చేతక్ నడిపాడు. పెట్రోలు, ఆయిలు ఒకేసారి పోయించేవాడు. పెట్రోలు పోస్తే ఆయిలు పోసినట్టే అన్న అలవాటు ఆ ఇంట్లో అట్లాగే ఉండిపోయింది. బండి మారింది, ఆయిలు చోటు మారింది, ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అమ్మేటప్పుడు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, సర్వీసు చేసేటప్పుడు మనమూ చెప్పడం లేదు. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టు, రాకర్లు, పిస్టన్ రింగులు అన్నీ పోయాయి. ఆ బిల్లు ఆమె చేతికిచ్చేటప్పుడు నాకు చాలా బాధేసింది.

అందుకని ఈ చిన్న పని నేర్పండి, డబ్బు తీసుకోకుండా నేర్పండి. బండి సెంటర్ స్టాండు వేయాలి. ఇంజను ఆపి రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆయిలు కొలిచే పుల్ల, డిప్ స్టిక్కు, తీసి గుడ్డతో తుడవాలి. మళ్లీ లోపల పెట్టాలి. యాక్టివాలో మరతిప్పకూడదు, ఊరికే ఆనించి తీయాలి. రెండు గీతల మధ్య తడి ఉందా? ఉంది, సరే. లేదు, పోయాలి. నెలకొకసారి ఇది చేసుకునే ఇంట్లో యాక్టివా పదిహేనేళ్లు ఇంజను విప్పకుండా నడవడం నా కళ్లారా చూశాను. టూ స్ట్రోక్‌కు ఆ మాట నేను చెప్పలేను. దానికి పోర్టుల్లో మసి గీకాలి, సైలెన్సరు కాల్చాలి, ప్లగ్గులు మార్చాలి, బోరు చేయించాలి. విప్పడం తేలిక, కానీ తరచూ విప్పాలి. ఫోర్ స్ట్రోక్ విప్పడం కష్టం, ఖర్చు ఎక్కువ, కానీ చూసుకుంటే విప్పే పనే రాదు. మైలేజీ సంగతి కూడా, నా దగ్గరికొచ్చే బండ్లలో చేతక్ ముప్పై అయిదూ నలభై ఇస్తే గొప్ప, యాక్టివా నలభై అయిదు తేలికగా ఇస్తుంది.

ఎవరో చేయెత్తారు. చెప్పు నాయనా... మీ తాతగారి చేతక్ ఉందా, ఉంచుకోవాలా అని. ఉంచుకో. బాగా ఉంచుకో. కానీ రోజూ ఆఫీసుకు దాని మీద పోవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ బండి కాలంలో ఇది లేదు. ఇథనాల్ ఉంటే మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. టూ స్ట్రోక్‌కు వేడి మంచిది కాదు. కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే కంత, మెయిన్ జెట్టు, ఒక సైజు పెద్దది వేయించు. పాత రబ్బరు పైపు తీసేసి కొత్తది వేయించు. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు వదిలేయకు, ఇథనాల్ తేమ పీలుస్తుంది, మన సముద్రపు గాలికి ఇంకా ఎక్కువ. ఆయిలు మంచి టూ టీ ఆయిలే, అంటే టూ స్ట్రోక్‌కు చేసిన ఆయిలే, లీటరుకు 20 మిల్లీలీటర్లు, పొగ రావట్లేదు కదా అని తగ్గించకు. ఆర్సీ రెన్యువల్ చేయించుకో. ఆదివారం పొద్దున ఒకసారి కిక్కు కొట్టి, తాతను ఎక్కించుకొని తుమ్మలపెంట సముద్రం దాకా పోయి రా.

ఇక చాలు, నేను మాట్లాడింది ఎక్కువైంది. ఐటీఐ పిల్లలు ముందు రండి. లైటు ఇటు తిప్పండి. చేతక్ సిలిండరు తీసుకొని స్కేలు పెట్టి, ఎగ్జాస్టు పోర్టు పై అంచు, ట్రాన్స్‌ఫర్ పోర్టు పై అంచు, రెండిటి మధ్య ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. ఆ కొద్దిపాటి దూరమే పొగకు దొరికే తొలి దారి. ఆ కిందికి దిగాక పొగతో పాటు పెట్రోలూ పోతుంది. కొలిచి ఎంతొచ్చిందో ఒక్కొక్కరుగా నాకు చెప్పండి.